డీబగ్ ఆపమని వచ్చిన ఫోన్

దెయ్యాలంటే నాకు నవ్వే. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే "చాల్లేప్పా" అని లేచిపోయే రకాన్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

2000 దాటిన కొత్తలో తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. మాకు పెద్ద మణి అన్న, చిత్తూరు మనిషి. ఎంత పనిమంతుడంటే, సైటు తెరిచే రోజు మేమంతా టెంకాయ కొట్టే హడావుడిలో ఉంటే, ఆయన మాత్రం నంబరు అడిగిన చోట కావాలని పిచ్చి రాతలు కొట్టి చూసేవాడు. "తప్పు చేసి సూడబ్బా, అప్పుడు ఏం కక్కుతాదో తెలుస్తాది" అని నవ్వేవాడు.

పని చేసేటప్పుడు మేం డీబగ్ పెట్టుకుంటాం. ఎక్కడైనా తప్పొస్తే, లోపలి వివరాలన్నీ అది పేజీ మీద పరిచేస్తుంది. మాకు సుళువు. కానీ సైటు జనంలోకి వెళ్ళేముందు దాన్ని ఆపాలి. లేదంటే దారినపోయేవాడికి కూడా అన్నీ కనపడతాయి.

మణి అన్న గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత ఒక ఆసుపత్రి సైటు పని వచ్చింది. రోగులు తమ రిపోర్టులు చూసుకోవడానికి. రాహుకాలం రాకముందే తెరవాలని పెద్ద డాక్టరు పట్టుబట్టారు. ఆ ఉరుకుల్లో డీబగ్ సంగతి అందరం మరిచాం.

సైటు తెరిచి వెలిగించిన కర్పూరం ఇంకా ఆరలేదు. ఆ వారమే చేరిన లత ఫోన్ పెట్టేసి వచ్చింది.

"మధన్నా, ఎవురో మణి అంట. 'మధూని నంబరు తప్పు కొట్టి సూడమను, వాళ్ళ పిన్నమ్మ పేరు బయట పడతా ఉండాది' అని పెట్టేసినాడు."

లత మణి అన్నను ఎన్నడూ చూడలేదు. రోగి నంబరు అడిగిన చోట తప్పు కొట్టాను. పేజీ మీద డేటాబేస్ పాస్‌వర్డు, దాని కింద రోగుల పేర్లు, జబ్బులు. వాటిలో చంద్రగిరి బళ్ళో టీచరుగా ఉన్న మా పిన్నమ్మ పేరు. పక్కన క్యాన్సర్ అని ఉంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ అప్పుడే తెలిసింది.

వెంటనే డీబగ్ ఆపేశాను.

ఆ పేర్లు మేం ఎక్కించేనాటికే మణి అన్న లేడు. ఆమె మా పిన్నమ్మ అని ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎవరో ఆకతాయి పని అనుకుందామన్నా కుదరదు. ఎంత మనిషివి మణి అన్నా, పోయాక కూడా పని సగంలో వదల్లేదే అని మనసులోనే దండం పెట్టుకున్నాను. ఏమీ నమ్మనివాణ్ణే, అయినా పెట్టుకున్నాను.

జబ్బు నయమయ్యాక ఒకరోజు పిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదప్పా. బళ్ళో పిల్లోళ్ళు నన్ను జాలిగా సూస్తే తట్టుకోలేను. ముందు నీకే చెప్తా ఉండా" అంది.

మొదటిసారి వింటున్నట్టే విన్నాను. ఆ ఫోన్ ఎవరు చేశారో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.