కంట్లో ఎర్రచుక్కలు, చేతిలో అడ్డాకు

నా కళ్ళను చూసి జాలిపడేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. వాళ్ళలో మా అమ్మ కూడా ఉంది.

పదేళ్ళప్పుడు నాకు చక్కెర జబ్బు వచ్చింది. సగం మనిషినై, చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతూ మంచం పట్టాను. ఒంటిని కాపాడవలసిన శక్తే పొరబడి, ఇన్సులిన్ తయారయ్యే చోటును పాడుచేస్తుందని ఇప్పటి డాక్టర్లు చెబుతున్నారు. ఆ రోజుల్లో ఈ సంగతి ఎవరికి తెలుసు? గుణుపురం దగ్గర మా పల్లెలో అందరూ కలిసి, నేను అటక మీది బెల్లం దొంగతనంగా తిన్నానని తేల్చేశారు. తిన్నమాట నిజమే. అన్నయ్య నాకంటే ఎక్కువే తిన్నాడు, వాడికి జలుబైనా చెయ్యలేదు. నా వాదన ఎవరూ వినిపించుకోలేదు.

నాన్న పర్లాకిమిడి నుంచి ఇన్సులిన్ సీసాలు తెచ్చేవాడు. తడి ఇసుకలో కుండ పాతి అందులో దాచేవాళ్ళం. పన్నెండో ఏడు వచ్చేసరికి గాజు సిరంజి ఉడకబెట్టుకోవడం, గీతలు చూసి మందు లాగడం, తొడలో పొడుచుకోవడం అన్నీ నా పనే. సిరంజి మరొకరి చేతికి ఇచ్చేదాన్ని కాదు.

అరవైల మొదట్లో, నా ఇరవై మూడో ఏట, మా పల్లెకు దగ్గరి పద్మపూర్ తెలుగు బడిలో పంతులమ్మను. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో నా చక్కెర జబ్బు చూసే డాక్టరు ఈసారి కళ్ళు కూడా చూడాలన్నాడు. బియ్యంలో ఇసుక రేణువునైనా పట్టుకోగలను, నా కళ్ళకేం అన్నాను. ఆయన నవ్వి చుక్కల మందు వేశాడు. చీకటి గదిలో కూర్చోబెట్టి, చిన్న దీపమున్న పరికరంతో చాలాసేపు చూశాడు. కంటి లోపలి పొర మీద మూడు నాలుగు ఎర్రచుక్కలున్నాయట. సన్నటి రక్తనాళాలు ఉబ్బిన చోట్లట అవి. నొప్పి ఉండదు, చూపు తగ్గదు, ఉన్నట్టే తెలియదు. ప్రస్తుతం వాటికి మందేమీ లేదు, చక్కెర అదుపులో పెట్టుకుని ఏడాదికోసారి వచ్చి చూపించుకో అన్నాడు. వేసిన మందు వల్ల దగ్గరివి మసకగా ఉంటాయని, పదిరోజుల్లో సర్దుకుంటుందని కూడా చెప్పాడు.

మర్నాడు నర్సమ్మ ఇంజక్షన్ ఇచ్చాక బయల్దేరి, పెద్ద రైలు, చిన్న రైలు మారి సాయంత్రానికి ఇల్లు చేరాను. కంటిపాపలు నేరేడు పళ్ళలా ఉన్నాయి. ఎండకు కళ్ళు తెరవలేను, చేతిలో పుస్తకం చదవలేను. ఆసుపత్రివాళ్ళు కళ్ళు తీసేశారని దీపాలవేళకే ఊరంతా పాకిపోయింది.

మా బడి సెక్రటరీ గారు పరామర్శకు వచ్చారు. ఆయన మేనకోడలు పంతులమ్మ ట్రైనింగ్ ముగించి ఖాళీగా ఉంది. మందు సంగతి చెప్పాను. డాక్టర్లు అలాగే అంటారన్నారు.

"సూపు లేకపోతే పిల్లలకేటి సెప్తావమ్మీ? రాజీనామా కాయితం రాసిచ్చీ," అన్నారు, ఎంతో దయగా.

అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ తల ఊపింది. నాకు మండిపోయింది. సోమవారం బడికొచ్చి అందరి ముందూ హాజరుపట్టీ చదువుతాను, చదవలేకపోతే అప్పుడే రాసిస్తాను అనేశాను. ఆయన వెళ్ళాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. సోమవారానికి మధ్యలో రెండే రోజులు, మందు దిగడానికి పది. నా నోటికి తాళం లేదని అమ్మ ఊరికే అనదు.

తెల్లారి సిరంజి పట్టుకుంటే గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి. తాను గీతలు లెక్కపెట్టి పొడుస్తానంది అమ్మ. ఇవ్వనని సిరంజి పుచ్చుకుని వీధరుగు మీదికి పోయాను. అక్కడ అమ్మ కుడుతూ వదిలేసిన అడ్డాకు విస్తళ్ళున్నాయి, సంతలో, కొండల నుంచి దిగే సవరవాళ్ళ దగ్గర కొన్న ఆకులు. ఎండ పొడుస్తుంటే ఒక ఆకు తీసి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను. దానికి పుల్ల గుచ్చి తీసిన చిల్లు ఉంది. ఆ సన్నటి చిల్లులోంచి చూస్తే సిరంజి మీది గీతలు విడివిడిగా, నల్లగా, అంకెలతో సహా కనిపించాయి. ఆకు తీశాను, మసక. పెట్టాను, గీతలు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అమ్మను పిలిచి ఆకు పట్టుకోమని, నా మందు నేనే లాక్కున్నాను.

సోమవారం బడి వసారాలో, మంచి వెలుగులో, ఒక కంటికి ఆకు పెట్టుకుని హాజరుపట్టీ మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివాను. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. సెక్రటరీ గారు తెలుగువాచకం మధ్యలో ఎక్కడో తెరిచి ఇచ్చారు. అదీ చదివాను. ఆయన ఆకు అడిగి పుచ్చుకుని, తానూ ఓసారి చూసుకుని వెళ్ళిపోయారు.

మందు దిగిపోయింది. కళ్ళు వచ్చేశాయని అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఊరు జాలిపడడం మానేసింది. నాకూ హాయిగానే ఉంది, ఆ హాయికే నాకు భయం వేసింది. పోని చూపు పోయిందని ఏడ్చినవాళ్ళు, ఉన్న చుక్కల్ని ఒక్కరోజులో మరిచిపోయారు. నేనూ మరిచిపోగలను, తేలికే.

ఏడాది తిరిగింది. సెలవు అడగాలి. పెద్దమ్మ కూతురి పెళ్ళని రాయమంది అమ్మ. "సుక్కల మాట రాస్తే నీ నోటితో నువ్వే ఉద్యోగం పోగొట్టుకున్నట్టే అమ్మీ," అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు, మేనకోడలు ఇంకా ఖాళీగానే ఉంది. అయినా నా కళ్ళ గురించి అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కంట్లో ఎర్రచుక్కలున్నాయని, ప్రస్తుతం చూపు బాగా ఉండగానే డాక్టరుకు చూపించుకోవడానికి మూడు రోజులు సెలవు కావాలని రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు. "సూపు బాగుంటే డాకటరెందుకమ్మీ?"

"సేతులు కాలాక ఆకులు పట్టుకోమంటారా బాబూ?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయారు. సంతకం పెట్టి ఇమ్మని చెయ్యి చాచాను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"వచ్చే ఏడూ ఇదే రాస్తావేటి?" అన్నారు కలం వెతుక్కుంటూ.

"ఇదే రాస్తాను. కనిపిస్తన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ రాస్తాను," అన్నాను.