గురురాజ వేసిన చుక్కలు

శిడ్లఘట్టలో పట్టు తీసే చౌడమ్మకు కళ్ళే బతుకు. ఉడుకునీళ్ళలో తేలే పట్టుగూళ్ళలో కనీకనపడని పోగుకొసను పట్టుకోవడంలో ఆమెకు సాటి లేరని కార్ఖానా యజమాని గురురాజ కూడా ఒప్పుకునేవాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, ఆ కొసల మీదే కదా ఆయన మేడ లేచింది!

ఆ వానాకాలం చౌడమ్మ కుడికన్ను ఎర్రబడి పుసి కట్టింది. చింతామణిలో కంటి డాక్టరు దగ్గరికి పోయొస్తానంది.

"యాడికీ పోవద్దమ్మా, మందు నా దగ్గరే ఉండాది" అన్నాడు గురురాజ.

పట్టు తీసేవాళ్ళ చేతులు ఎప్పుడూ తడే, పైగా పురుగు కంపు. కంట్లో చుక్కలు ఇంకొకరు వేయాల్సిందే. ఆయనే ఆమె తల వెనక్కి వంచి, రెప్ప విప్పి, రోజూ వేసేవాడు. ఆ సీసా ఏమిటో చూడాలని కూడా చౌడమ్మకు తోచలేదు. ఎరుపు ఇట్టే తగ్గింది. కన్నతండ్రి కూడా ఇంత చేయడని వీధివీధినా చెప్పుకు తిరిగింది, పిచ్చి మనిషి.

ఎరుపు పోయింది గానీ చూపు మసకేసింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది. భయమేసి చింతామణికి పరిగెత్తింది. డాక్టరమ్మ కన్ను చూసి, "లోపల పుండు పడిందమ్మా. ఇన్నాళ్ళూ ఏం మందు వేస్తాండారు?" అంది. తెలిస్తే కదా చెప్పడానికి!

పేరు కనుక్కుందామని తిన్నగా గురురాజ ఇంటికి పోయింది. ఆయనకూ కన్ను అంటుకున్నట్టుంది, వాలుకుర్చీలో పడుకొని ఉన్నాడు. భార్య కన్యకమ్మ చుక్కలు వేస్తోంది.

"నాకేసిందీ ఇదేనామ్మా?" అంది చౌడమ్మ.

"ఇది యాంటీబయాటిక్ చౌడమ్మా, డాక్టరు రాసిచ్చినాడు. పోయినేడు ఈయన ఉత్త ఎరుపు తీసే చుక్కలు వేసుకుంటాంటే, ఎరుపు పోతాది గానీ రోగం పోదు, కన్ను పోతాదని డాక్టరు తిట్టినాడు. మిగిలిన సీసాలు పారేస్తానని కార్ఖానాకు ఎత్తుకుపోయినాడు" అంది కన్యకమ్మ, పాపం ఏమీ ఎరగక.

చౌడమ్మ గురురాజ వైపు తిరిగింది. తెలిసే చేశాడు. తెలిసే, తండ్రిలాగా తల నిమిరి మరీ వేశాడు.

"అప్పా, నీ కంటికి డాక్టరు. నా కంటికి పారేసే మందా?"

గురురాజ కళ్ళు తెరవలేదు. "నువ్వు రాకుంటే పని నిలిచిపోతాదని వేస్తినమ్మా" అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఎడమకన్ను బాగానే ఉండాది గదా. రేప్పొద్దున రా" అన్నాడు.