కాగితం ఇరికితే మోగని గంట

1994లో నన్ను ఆసిఫాబాద్ దగ్గరి ఒక బొగ్గు గనికి సిస్టమ్స్ ఇంజనీరుగా వేశారు. భూగర్భంలోని గ్యాసు సెన్సర్ల కొలతలు పైన కంట్రోల్ రూములోని కంప్యూటరుకు చేరేవి. ఒక్కో కొలతనూ అది తెరపై చూపి, ప్రింటరుకు పంపి, గ్యాసు హద్దు దాటితే గంట మోగించాలి.

ఒక పగటి షిఫ్టులో, లోపలి పనిని చూసే ఓవర్‌మన్ రాజలింగు మసి మొహంతోనే నా గదిలోకి వచ్చాడు.

"సార్, నా చేతి మీటరు గ్యాసు ఎక్కువున్నదని చూపెట్టింది. మనుషులందర్ని నేనే బయటికి తోలుకొచ్చిన. మీ గంటెందుకు మోగలే?"

కంట్రోల్ రూముకు వెళ్లి చూస్తే తెర మీద కొలత మామూలుగానే ఉంది, కానీ మారడం లేదు. పక్కన ప్రింటరులో కాగితం ఇరుక్కుని ఉంది.

ప్రోగ్రాం ఏదైనా ముద్రించాలంటే ఆపరేటింగ్ సిస్టంను అడగాలి. ఆ అడగడాన్నే సిస్టం కాల్ అంటాం. మా ప్రోగ్రాం వాడింది మామూలు రైట్ కాల్, అంటే 'ఇది రాయి' అని అడిగే కాల్. దాంతో అయితే, ప్రింటరు అందుకునేదాకా ప్రోగ్రాంను సిస్టం నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రలో సెన్సర్లను చదివే దిక్కు లేదు.

మేనేజరు గారికి ఇది రుచించలేదు. "ప్రింటర్ల కాయితం ఇరికితే గ్యాసు కనవడదా? గిదేం కత! సెన్సర్లే ఖరాబైనయ్, మార్చుండ్రి," అన్నారు. మార్చాం. మళ్లీ కాగితం ఇరికింది, మళ్లీ తెర బిగుసుకుపోయింది. ప్రోగ్రాం రాసిన హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, కాగితం సరిగ్గా పెట్టుకోమన్నారు. ప్రోగ్రాంను మాత్రం ముట్టుకోవద్దన్నారు.

"గంట మోగుతదని చూపెట్టేదాంక మావోళ్లను దించ," అని రాజలింగు భీష్మించాడు. షిఫ్టు ఆగాక గానీ ప్రోగ్రాంను మార్చడానికి నాకు అనుమతి రాలేదు.

అసింక్రనస్ రైట్ కాల్ వాడాను. అది పనిని సిస్టంకు అప్పగించి వెంటనే తిరిగొస్తుంది. ముద్రణ అయ్యాక సిస్టమే కబురు పంపుతుంది. కబురు అందేదాకా అప్పగించిన అక్షరాలను మార్చకూడదు కాబట్టి ఒక్కో వరుసకు మెమరీలో వేరే చోటు కేటాయించాను. చోటు నిండితే ముద్రణ మానాలి తప్ప చదవడం మానకూడదని రాశాను.

అందరి ఎదుట ప్రింటరు ఆగిపోయేలా దాన్లోంచి కాగితం లాగేసి, గని పైనే కంప్యూటరుకు కలిపిన ఒక సెన్సరుకు పరీక్ష గ్యాసు పట్టించాం. గంట మోగింది. "గిప్పుడు దిగుతం," అని రాజలింగు టోపీ పెట్టుకున్నాడు.

మేనేజరు గారు తల పంకించారు. "సూసిన్రా, కొత్త సెన్సర్లు ఎంత మంచిగ పనిచేస్తున్నయో!"

మిగతా గనులకూ ఈ మార్పు పంపమని హెడ్డాఫీసుకు రాశాను. ప్రింటర్లలో ఎప్పుడూ కాగితం ఉంచాలని అన్ని గనులకూ సర్క్యులర్ వచ్చింది.

ఆ తర్వాత ఏ ప్రోగ్రాం చేతికొచ్చినా ముందు రెండే చూసేవాణ్ణి: ఇది దేనికోసం ఆగుతుంది, ఆగితే ఏ పని నిలిచిపోతుంది.