పారువేట కుందేలు

మా ఊరి పారువేటలో ఎవరూ దేన్నీ చంపరు. ఈ మాట ఏ టీవీవాడూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. స్వామి పల్లకి ఊరి బయట బీడు దాకా పోతుంది. మా చిన్నాయన వల వేసి పట్టిన కుందేలును స్వామికి చూపించి అక్కడే వదిలేస్తాడు. అది కంపల్లోకి దూరగానే ఊరంతా ఈలలు వేస్తుంది. పట్టిన చేతే వదలాలి, అదీ ఆచారం.

పోయినేడు ఆ చేతిని మార్చాం. ముదిగుబ్బ వైపు ఓట్లు వెతుక్కుంటూ ఒక చిన్న పార్టీ రాష్ట్ర నాయకుడు వచ్చాడు. ఆ పార్టీ జెండా రంగేమిటో మాలో సగం మందికి తెలియదు. అయినా తెల్లచొక్కా కనబడితే మా పెద్దలకు ఒళ్లు తెలియదు. కుందేలును ఆయన చేతికిమ్మన్నారు. చిన్నాయన వద్దన్నాడు గానీ, పెద్దల మాట కాదనలేక ఇచ్చేశాడు.

ఆ మనిషి దాన్ని చెవులు పట్టి ఎత్తి ఫొటోలు దిగాడు. వదలకుండా కారులో పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి అది కూరైందని ఆయన మనుషులే ఫోన్లలో గొప్పగా చూపించుకున్నారు.

ఆ ఫొటోల మీద రాష్ట్రమంతా రచ్చయింది. నాయకుడు టీవీలో కూర్చుని, తాను వేటాడలేదని, ఊరివాళ్లే ప్రసాదమని ఇచ్చారని, వేట వాళ్ల ఆచారమని చెప్పాడు. తాను తిని పక్కవాడి మూతికి పూయడమంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది. పట్నంవాళ్లు మమ్మల్ని కసాయివాళ్లన్నారు. అటవీశాఖవాళ్లు వచ్చి వల తీసుకుపోయి చిన్నాయన మీద కేసు పెట్టారు. ఆయన మీద మాత్రమే. ఇమ్మన్న పెద్దలు ఆ రోజు ఊళ్లోనే లేమన్నారు.

అంతటితో ఆగలేదు. వేట రైతు హక్కంటూ నాయకుడు సభ పెట్టి, స్టేజీ ఎక్కమని చిన్నాయనకు మనిషిని పంపాడు.

“నాకే హక్కూ వద్దప్పా. ఆ కుందేలు ఆయప్ప తావ ఉండాదేమో అడుగు. తెచ్చిస్తే బీట్లో ఇడిచొస్తా” అన్నాడు చిన్నాయన. వచ్చినవాడు బండెక్కి పోయాడు.

ఈ ఏడు పెద్దలు భయపడి పిండితో కుందేలు చేయించారు. వదలడానికి మళ్లీ చిన్నాయననే పిలిచారు. ఆయన దాన్ని బీడులో దించి వెనక్కి జరిగాడు. ఎవరూ ఈల వేయలేదు.

“దీన్ని గూడా ఆయప్పకే ఇచ్చి రాండి, తింటాడు” అన్నాడు పెద్దల వైపు తిరిగి.

మర్నాడు కోర్టు వాయిదా. చిన్నాయనా నేనూ బస్సెక్కాం. ఊళ్లోవాళ్లు ఇంకెవరూ రాలేదు.