కాణిపాకంలో హెలికాప్టరు ప్రమాణం

పూతలపట్టు గంగాధరానికి నమ్మకమనేది పుట్టుకతోనే లేదు. బస్సెక్కాలంటే బోర్డు చదివితే చాలదు, డ్రైవర్నీ కండక్టర్నీ విడివిడిగా అడగాలి. ఇద్దరూ ఒకే మాట చెబితే ముందే కూడబలుక్కున్నారేమో అనుకుంటాడు. కాఫీలో చక్కెర కాస్త ఎక్కువైతే భార్య దేవకమ్మ ఏదో దాస్తోందని అనుమానం. "ఈయప్పను కట్టుకున్న పాపానికి చక్కెర గూడా బయపడతా ఎయ్యాల" అని ఆమె నవ్వేది. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. అన్నా వదినా పోయాక వాళ్ళ కొడుకు వెంకటరమణను కన్నకొడుకులాగే పెంచి, తిరుపతిలో డిగ్రీ దాకా చదివించాడు. అన్న వాటా చెరుకుతోటను తన తోటతో కలిపి తనే సేద్యం చేసుకుంటూ వచ్చాడు.

ఆ వెంకటరమణ ఎనభై నాలుగులో ఒకనాడు ఇంటికొచ్చి, ఇంగ్లండు పోయి హెలికాప్టరు నడపడం నేర్చుకుంటానన్నాడు. నడపడమే కాదట, ఇంకొకరికి నేర్పడం కూడా అక్కడే నేర్పుతారట. తన వాటా నేల అమ్మితే ఖర్చుకు సరిపోతుందన్నాడు. గంగాధరం వద్దే వద్దన్నాడు.

ఈ కథంతా తిరుచానూరు లాడ్జిలో దిగిన జయరావు అనే మద్రాసు ఏజెంటు దగ్గర మొదలైంది. మరునాడే గంగాధరం వెళ్ళి అతని ఎదురుగా కూర్చున్నాడు.

"నేర్చుకున్నాక ఉద్యోగం యాడ?"

"మా స్కూల్లోనే సార్. కొత్తగా చేరేవాళ్ళకు వీళ్ళే నేర్పుతారు."

"ఆ కొత్తోళ్ళు?"

"వాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళకు నేర్పుతారు."

"అందరూ అయ్యవార్లే అయితే దాన్ని తోలేదెవురప్పా?"

జయరావు కాలరు సర్దుకుని నవ్వాడు. ఆ నవ్వు గంగాధరానికి బొత్తిగా నచ్చలేదు. "ఉద్యోగం కాయమంటావు గదా, కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యి" అన్నాడు.

చిత్తూరు పక్కన ఆ మాట వచ్చిందంటే ఆషామాషీ కాదు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి ఎంతటి మొండివాడైనా జంకుతాడు. ఆ భయం తెలియని మద్రాసు మనిషి కనుక జయరావు సరేనన్నాడు. తీరా శుక్రవారం నాడు గంగాధరం, వెంకటరమణలతో కలిసి అక్కడికొచ్చి, మునిగి వణుకుతూ గుళ్ళోకి పోతున్న జనం ముఖాలు చూశాక మెట్ల మీదే ఆగిపోయాడు.

"సార్, స్కూలు నిజం, చదువు నిజం. ఉద్యోగం మాత్రం చెప్పలేను. బయటిదేశం వాళ్ళకు అక్కడి సర్కారు ఒప్పుకోవాలి. కొందరికి దొరికింది, కొందర్ని తిప్పి పంపేశారు" అని గొణిగి, బస్సుల వైపు నడిచాడు.

గంగాధరం ముఖం వెలిగిపోయింది. "సూసినావా! వాని మొగం సూస్తానే చెప్పినాను గదరా!"

వెంకటరమణ నవ్వలేదు. "ఆయప్ప ఈడ అబద్దం చెప్పలేదు చిన్నాయనా. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. తెలిసే పోతా. ఇంగ నువ్వు మునుగు."

"నేనెందుకురా?"

"నా మంచికే వద్దంటా ఉండావా, మా నాయన నేల చెయ్యి జారిపోతాదని అంటా ఉండావా? అది చెప్పు, సామి ముందర."

గంగాధరానికి ఒళ్ళు మండిపోయింది. ఇంత పెంచి పెద్ద చేసినందుకు ఇదా మర్యాద! ఆ కోపంలోనే చొక్కా విప్పి పారేసి, పంచె ఎగ్గట్టి, నడుము లోతు నీళ్ళలోకి దిగాడు. ముక్కు పట్టుకున్నాడు. మునగబోతూ ఆగాడు. పిల్లవాడు అక్కడ ఉద్యోగం లేక అల్లాడతాడన్న భయం నిజమే. కానీ వాడు ఇంగ్లండు మాటెత్తిన నాటి నుంచి కళ్ళు మూసుకుంటే కనబడుతున్నది వాడు కాదు, అన్న వాటాలో పడమటి గట్టు పక్కన మొన్న నాటిన చెరుకు. దేవుడా, ఇదేమిటి!

చుట్టూ జనం మునిగి లేస్తున్నారు. గంగాధరం ముక్కు వదిలి, తల తడవకుండానే గట్టెక్కాడు. అన్న కొడుకు ముఖం చూడలేక నీళ్ళకేసి చూస్తూ అన్నాడు:

"నీ పాలు నేల నీకు రాసిస్తా రమణా. పోతావో, ఉంటావో నీ ఇష్టం. ఇప్పుడు నాకు ఆ జయరావు మింద కాదురా, నా మిందనే అనుమానంగా ఉండాది."