ఎండాకాలంలో హీటరు

తొంభై ఒకటో సంవత్సరం, మే నెల. తెనాలిలో మధ్యాహ్నం రోడ్డు దాటితే చెప్పుకు తారు అంటుకుంటున్న రోజుల్లో, ఒక మనిషి మా షెడ్డు ముందు పికప్ ఆపి, హీటరు బాగుచేయమన్నాడు.

మాది రేడియేటర్లకు టంకం వేసే షెడ్డు. యజమాని జమలయ్య, పనిచేసేది నేను. హీటరు అనే మాట వినగానే జమలయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు, బాగా నవ్వడానికి.

"ఏంటి రాజారత్నం, చలేస్తోందా?"

"వేస్తోంది. నీ నవ్వయ్యాక పని మొదలుపెట్టించు."

రాజారత్నానికి యాభై అయిదేళ్లు. రేపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడ పనిచేసి వెళ్లిపోయిన అమెరికా డాక్టరు వదిలేసిన బండి అది. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. వెనక తొట్టిలో పరుపు వేసి, పైన టార్పాలిన్ కట్టి, రోగుల్ని తెనాలికో బాపట్లకో తీసుకొచ్చేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. కాన్పు కష్టమైన ఆడవాళ్లని తెచ్చేటప్పుడు గతుకు గతుకుకీ "అమ్మా, కాస్త పట్టుకో" అని ముందే అరిచి చెప్పేవాడట. నడి ఎండాకాలంలో కూడా బూట్లు, మోకాళ్ల దాకా మేజోళ్లు. మా బజారులో అందరూ అతన్ని దొర అని వెక్కిరించేవాళ్లు. నేనూ వెక్కిరించాను.

చలిదేశాల బండ్లలో ఇంజన్లో కాగిన నీళ్లని రెండు రబ్బరు గొట్టాలతో డ్యాష్‌బోర్డు కిందికి తెస్తారు. అక్కడ పుస్తకమంత రేడియేటరు ఒకటి ఉంటుంది. దాని వెనక ఫ్యాను తిరిగి వేడిగాలిని కాళ్ల మీదికి కొడుతుంది. ఆ చిన్న రేడియేటరే ఇప్పుడు కారుతోంది.

"బాబాయ్, ఆ గొట్టాలు రెండూ ఒకదానికొకటి కలిపేస్తే పది నిమిషాల్లో అయిపోద్ది. హీటరుతో మనకేం పని?"

"కలపొద్దు. కొత్తది పెట్టు."

"అమెరికా వెళ్లి తెమ్మంటావా?"

"నువ్వు చేత్తో చేస్తావంటగా, అందుకే వచ్చా. శనివారం ఆసుపత్రి కమిటీవాళ్లని బాపట్ల తీసుకెళ్లాలి. ఈ బండి ఉంచాలో అమ్మాలో ఆ రోజే తేలుస్తారు. బండి పోతే డ్రైవరు పోస్టూ పోద్ది. నాకింకా మూడేళ్ల సర్వీసుంది."

ఆ రోజు బుధవారం. ఇంజన్లో నీళ్లు బయటికి వదిలేసి, గొట్టాల క్లిప్పులు ఊడదీసి, సీటు ముందు వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కింది మరలు విప్పాను. రాజారత్నం డ్రైవరు సీట్లో కూర్చుని హీటరు పెట్టె జారిపోకుండా పట్టుకున్నాడు. పెట్టెలో మిగిలిన నీళ్లు ఒక్కసారిగా అతని కాళ్ల మీద పడ్డాయి. బూట్లు, మేజోళ్లు తడిసిపోయాయి. అతను వాటిని లాగేశాడు. నా మొహానికి జానెడు దూరంలో ఆ కాళ్లు ఉన్నాయి.

మోకాలి కిందినుంచి చర్మం మనిషి చర్మంలా లేదు. నల్లగా, ఎర్రగా వల అల్లినట్టు మచ్చలు. కుడి పాదం మీద పొక్కులు పగిలి, మానకముందే మళ్లీ పొక్కులు లేచి ఉన్నాయి. స్పానరు నా చేతిలోంచి జారి ఛాతీ మీద పడింది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఏం లేదు, పని చూడు."

పెట్టె బయటికి తీశాక నాకు ఇంకొకటి కనిపించింది. పక్క సీటువైపు గాలి వచ్చే రంధ్రంలో గోనెగుడ్డ గట్టిగా కుక్కి ఉంది. వేడంతా డ్రైవరు వైపే రావాలని.

"రోగులు కూర్చుంటారుగా అటు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఎనభై నాలుగు నుంచి ఎండాకాలం వస్తే ఇంజను మరిగిపోతోంది. బాపట్లలో ఒక మెకానిక్ చూసి ఇంజన్ని చల్లబరిచే పెద్ద రేడియేటరు చచ్చిపోయింది, అమెరికా సరుకు, బండి అమ్ముకోండి అన్నాడు. ఆ మాట ఆసుపత్రిలో చెబితే అమ్మేస్తారు. ఒకరోజు చెయ్యి తగిలి హీటరు తెరుచుకుంటే ఇంజను వేడి చూపించే ముల్లు కిందికి దిగింది. ఇంజను వేడి కొంత తన కాళ్ల మీదికి మళ్లిందన్నమాట. అంతే, ఆ రోజు నుంచి హీటరు వేసుకునే నడిపాడు. ఏడు ఎండాకాలాలు. ఇది ఎనిమిదోది. నెల నుంచి మరిగే నీళ్లు కూడా కుడి పాదం మీద బొట్టుబొట్టుగా పడుతున్నాయి. యాక్సిలరేటరు మీది కాలు తీయడానికి ఉండదు కదా.

నేను లేచి పెద్ద రేడియేటరు ఊడదీసి వెలుతురుకు పట్టుకుని చూశాను. గొట్టాల నిండా తెల్లగా గడ్డకట్టిన ఉప్పు. రేపల్లె బావినీళ్లు. సన్నటి ఇనప రేకులు దూర్చి గొట్టాలు శుభ్రం చేయడం మాకు రోజూ ఉండే పనే.

"బాబాయ్, ఇది చావలేదు. పూడిపోయింది, అంతే."

"బాగుచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"ఒక్క పూట."

రాజారత్నం పాత టైరు మీద కూర్చుండిపోయాడు. జమలయ్య ఈసారి నవ్వలేదు.

"ఒక్క పూటా?" అని మళ్లీ అడిగాడు, నేను తప్పు చెప్పి ఉంటానేమో అన్నట్టు.

ఎనిమిది ఎండాకాలాల్లో ఈ మనిషి నోరు తెరిచి ఎవరినీ అడగలేకపోయాడు. ఆసుపత్రిలో అంతమంది డాక్టర్లలో మేనెలలో ఆ మేజోళ్లు ఎందుకని అడిగినవాడు ఒక్కడూ లేడు.

గురువారం సాయంత్రానికి పెద్దది శుభ్రం చేశాను. షెడ్డులో పడున్న పాత రేడియేటరు ముక్క కోసి చిన్నదాన్నీ తయారుచేసి బిగించాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు, హీటరు మూసి, దుగ్గిరాల దాకా వెళ్లొచ్చాం. ముల్లు సగం దాటలేదు. అతను రోడ్డు కన్నా ముల్లునే ఎక్కువ చూశాడు.

"కాళ్లకు చల్లగాలి తగుల్తోంది," అన్నాడు.

అక్కడితో ఊరుకోవలసింది. కమిటీ సెక్రటరీ ప్రకాశం గారిది మా వీధే, రిటైరయిన హెడ్మాస్టరు. ఆ సాయంత్రమే వెళ్లి చెప్పాను.

"మీ బండిని కాపాడ్డానికి ఒక మనిషి కాళ్లు కాల్చుకున్నాడండి. మీకెవరికీ కనపళ్లేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రభువా! నేను మాట్లాడతాను బాబూ," అన్నారు. వాళ్లకు సిగ్గొచ్చేలా చెప్పానని గర్వపడుతూ ఇంటికొచ్చాను.

శనివారం బండి ఏ ఇబ్బందీ లేకుండా బాపట్ల వెళ్లొచ్చింది. దాన్ని ఉంచాలని తీర్మానించారు. తర్వాత ప్రకాశం గారు లేచి రాజారత్నం త్యాగం గురించి మాట్లాడారట. అందరి ముందూ మేజోళ్లు విప్పించారు. డాక్టరు సూదితో పొడిచి చూసి, కుడి పాదానికి స్పర్శ లేదు, ఈ కాలితో రోగుల్ని తీసుకెళ్లడం ప్రమాదం అన్నాడు. ప్రార్థన చేశారు. శాలువా కప్పారు. సోమవారం నుంచి కొత్త డ్రైవరు.

మంగళవారం రాజారత్నం బస్సు దిగి మా షెడ్డుకొచ్చాడు. ఇదంతా చెప్పింది అతనే.

"నా కాళ్ల సంగతి నిన్నెవరడిగారబ్బాయ్?"

"నీకు మంచి జరుగుద్దనుకున్నా బాబాయ్."

"ఆ మొద్దుకాలితోనే నిరుడంతా నడిపా. కోడిపిల్లని కూడా తొక్కలేదు."

డాక్టరు చెప్పింది తప్పని నేను అనలేను. నేను చేసింది ఒప్పని కూడా అనలేకపోయాను. అతను నన్ను వదిలి జమలయ్యవైపు తిరిగాడు.

"నీ దగ్గర ఏదైనా పనుందా?"

"ఇది కొలిమి పని రత్నం. ఆ కాళ్లతోనా?"

"వేడి నాకు కొత్తా?"

జమలయ్య చుట్ట వైపు చూస్తూ, "చూద్దాంలే," అన్నాడు.

"ఆసుపత్రిలో వేరే పనడిగితే వాళ్లూ అదే మాటన్నార్లే," అని రాజారత్నం రేపల్లె బస్సుకు వెళ్లిపోయాడు.