ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాండర్స్

"ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలే" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట నా చదువుని ముంచబోయింది మరి.

అప్పుడు కెనడాలోని ఒషావాలో కాలేజీ చివరి సెమిస్టర్. ఇంటర్నేషనల్ బిజినెస్ సబ్జెక్టు ఒకసారి తప్పాను. వేర్‌హౌస్ షిఫ్టుల మధ్య చదివిన చదువు అలాగే ఏడుస్తుంది. రెండోసారి తప్పితే కోర్సులోంచి పంపించేస్తారు. కోర్సు పోతే స్టడీ పర్మిట్ పోతుంది, పర్మిట్ పోతే నేను పెట్టె సర్దుకోవాలి. మార్కుల్లో సగం ఒక గ్రూప్ ప్రెజెంటేషన్ మీద ఉన్నాయి. యూరప్‌లో ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, విదేశీ పెట్టుబడిదారులు అక్కడికి ఎందుకు వెళ్తారో చెప్పాలి. మేం బెల్జియంలో ఉత్తర భాగమైన ఫ్లాండర్స్ తీసుకున్నాం.

ఆ ఏడాది క్లాసులో సగం మంది మనవాళ్ళే. మనవాళ్ళు నలుగురు చేరిన చోట ఒక అన్న ఉంటాడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోరు. వయసులో కాస్త పెద్దవాడై, సొంత కారుంటే చాలు. మా గ్రూపులోని అన్న కెనడా రాకముందు హైదరాబాదు శివార్లలో ప్లాట్లు అమ్మేవాడు. దగ్గర్లోని ఏజాక్స్‌లో నాకూ, మా గ్రూపులోనే ఉన్న నా రూమ్మేట్‌కీ ఒక ఇంటి కింద బేస్‌మెంట్ గది చూపించింది ఆయనే, కాలేజీకి, షిఫ్టుకి తీసుకెళ్ళేదీ ఆయనే. సాయంత్రం ఎవరి కారులో ఇంటికి వెళ్ళాలో వాళ్ళతో పొద్దున్నే ఎలా పోట్లాడతాం?

చదవాల్సింది నేను చదివాను. ఆంట్‌వెర్ప్ రేవు, మూడు నాలుగు భాషలు మాట్లాడే ఉద్యోగులు, మంచి యూనివర్సిటీలు, చుట్టూ పెద్ద మార్కెట్లు. వీటితోపాటు ఇబ్బందుల మీద కూడా ఒక స్లయిడ్ చేశాను. అన్న వాటన్నిటికీ మెరుగులు దిద్దుతానని పట్టుకెళ్ళాడు. ప్రెజెంటేషన్ రోజు పొద్దున కారులో తెరిచి చూశాను. పైన బంగారు రంగు అక్షరాలు. "ఎయిర్‌పోర్టుకి ఇరవై నిమిషాలు." "రింగ్ రోడ్డుకి కూతవేటు దూరం." "ఈస్ట్ ఫేసింగ్, జర్మనీ వైపు." చివర్లో "సైట్ విజిట్‌కి సంప్రదించండి."

"ఇరవై నిమిషాలు ఎక్కణ్ణుంచి అన్నా? అదేమన్నా ప్లాటా? అంత పెద్ద ప్రాంతం!"

"యాడికెళ్ళైనా గంతే చెల్లె. నువ్వు ఫికర్ చెయ్యకు."

"నా ఇబ్బందుల స్లయిడ్ ఏది?"

"డిలీట్ చేసిన. కొనేటోనికి నెగటివ్ జూపిస్తరా ఎవలన్న?"

వెనక సీట్లోంచి రూమ్మేట్, "అన్న చెప్పాడుగా, ఆయనకి ఎక్స్‌పీరియెన్స్ ఉందే" అంది. ఆయన తానా అంటే ఇది తందానా. నేను తల పట్టుకున్నాను. అప్పటికే కాలేజీ పార్కింగ్‌లోకి వచ్చేశాం.

అన్న ప్రెజెంటేషన్ ఇస్తుంటే మనవాళ్ళంతా ముసిముసిగా నవ్వుతున్నారు. మాకు పాఠం చెప్పే మేడమ్ మాత్రం నవ్వలేదు. అంతా విని, ఒకే ప్రశ్న అడిగింది. "ఇంత బాగుంటే అందరూ అక్కడికే వెళ్ళాలిగా. వెళ్ళని వాళ్ళు ఎందుకు వెళ్ళలేదు?"

"వాళ్ళకింకా తెల్వదు మేడమ్" అన్నాడు అన్న, ఇంగ్లీషులో, ధీమాగా.

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ పెన్ను అందుకుంది. అయిపోయింది, నా పెట్టె సర్దేసినట్టే అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! ముందుకొచ్చేశాను.

"ఎందుకు వెళ్ళలేదో నేను చెప్తాను. అక్కడ జీతాల ఖర్చు ఎక్కువ. ధరలు పెరిగితే జీతాలు వాటంతటవే పెరుగుతాయి. పన్నులు బరువు. రేవు చుట్టూ రోడ్ల మీద లారీలు గంటల తరబడి ఆగిపోతాయి. ఇదంతా స్లయిడ్‌లో ఉండేది, తీసేశారు."

అక్కడితో ఆపాలి. నోరు ఆగితేగా!

"నాకు ఈ ఊరిని కూడా ఇలాగే చూపించారు మేడమ్. నన్ను ఇక్కడికి పంపిన కన్సల్టెంటు దగ్గరా బంగారు అక్షరాలే. సరస్సు పక్కన, ఎయిర్‌పోర్టు దగ్గర, ఎటు చూసినా ఉద్యోగాలు అన్నాడు. ఒక్క ఉద్యోగానికి మా క్లాసు మొత్తం లైన్లో నిలబడుతుందని చెప్పలేదు. ఆదివారం మా వీధికి బస్సు రాదని చెప్పలేదు. నా గది కిటికీలోంచి చూస్తే కారు చక్రాలు తప్ప ఏమీ కనపడవని చెప్పలేదు. చెప్పినా వచ్చేదాన్నేమో. కానీ తెలిసి వచ్చేదాన్ని. డబ్బు పెట్టేవాడికైనా, బతుకు పెట్టేవాడికైనా ఆ స్లయిడ్ చూపించాలి."

ఒక్కరూ నవ్వలేదు. అన్న నేల చూపులు చూస్తున్నాడు. మేడమ్ చాలాసేపు ఏదో రాసుకుంది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. పాసయ్యాం. స్లయిడ్లు పనికిరావనీ, మార్కులు చివరి జవాబుకి ఇచ్చాననీ మేడమ్ రాసింది. మంచం మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషమే, కాదనను. కానీ ఏం సంతోషం అది, నా మొహం! నాకు చెప్పిన ఊరు ఇది కాదని అందరి ముందూ అరిచి, ఇదే ఊళ్ళో ఉండటానికి మార్కులు తెచ్చుకున్నాను.

బయట హారన్ మోగింది. కిటికీలో అన్న కారు చక్రాలు వచ్చి ఆగాయి. షిఫ్టుకి టైమైంది.

నేను ఎక్కగానే మొదలుపెట్టాడు. "సూసినవా చెల్లె? నేను డిలీట్ చేస్తెనే గద నీకు కోపమొచ్చింది. కోపమొస్తెనే గద పాసైనం!"

దిగిపోదామని తలుపు మీద చెయ్యి వేశాను. ఆదివారం. బస్సు లేదు. సీటు బెల్టు పెట్టుకున్నాను.